డిస్క్ గోల్ఫ్ కోర్సుకు 2.5 ఇచ్చాను, క్లబ్ పెద్దాయన నొచ్చుకున్నారు. రివ్యూ తీసేయాలా?

చెర్రీ_షార్లెట్
మూడేళ్ళుగా డిస్క్ గోల్ఫ్ ఆడుతున్నా. తెలియనివాళ్ళకి: 'టీ' అనే చోట నిలబడి ప్లాస్టిక్ డిస్కుని చెయిన్ల బాస్కెట్‌లోకి విసిరే ఆట, ఒక టీ, దాని బాస్కెట్ కలిపి ఒక హోల్. నలభై కోర్సులకు పైనే తిరిగా, దాదాపు అన్నిటికీ రివ్యూ రాశా. ఎప్పుడూ ఎవరూ ఏమీ అనలేదు. ఈసారి మాత్రం రెండ్రోజులుగా మనసు బాలేదు.

పోయిన ఆదివారం మా ఇంటికి గంటన్నర దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి కోర్సుకు వెళ్ళాం. ఊరి పేరు రాయను. నాన్నగారు తెనాలి నుంచి వచ్చి నెలైంది, ఇంట్లో తోచట్లేదంటుంటే ఆయన్ని కూడా తీసుకెళ్ళా. అడవిలో 18 హోల్స్. మొదటి ఐదూ ఎంత బాగున్నాయంటే, వాగు పక్కన, పెద్ద పెద్ద ఓక్ చెట్ల నీడలో, అసలు ఎండే తెలీలేదు. చెయిన్లలో డిస్క్ పడ్డప్పుడల్లా నాన్నగారు గుడిగంట మోగినట్టుందని నవ్వారు.

ఆరో హోల్ అయ్యాక ఏడో టీ ఎక్కడుందో కనపడలేదు. బాణం గుర్తు లేదు, బోర్డు లేదు. మూడు కాలిబాటలు చీలాయి. ఒకదాని వెంట పోతే పదమూడో బాస్కెట్ దగ్గర తేలాం. వెనక్కొచ్చి ఇంకోటి పట్టుకున్నాం. ఇరవై నిమిషాలు పట్టింది. తెచ్చుకున్న నీళ్ళు అక్కడే అయిపోయాయి. నాన్నగారికి 68 ఏళ్ళు, ఏమీ అనకుండా ఒక దుంగ మీద కూర్చుండిపోయారు. నాకు భయమేసింది.

తర్వాత లెక్కేస్తే 9 టీల దగ్గర బోర్డుల్లేవు. 11వ బాస్కెట్ ఒక పక్కకి ఒరిగిపోయింది. 14వ టీ అంచున చెట్టు వేరు పైకి లేచింది, పరుగెత్తి విసిరితే కాలు మడత పడుతుంది. ఇంటికొచ్చి ఇవన్నీ రాసి 2.5 ఇచ్చా. 'నిర్వహణ సరిగా లేదు' అని కూడా రాశా.

రెండో రోజు క్లబ్ పెద్దాయన మెసేజ్ పెట్టారు. తిట్టలేదు, తిట్టినా ఇంత బాధ ఉండేది కాదేమో. అక్కడ గడ్డి కోసేది ముగ్గురట, ముగ్గురూ రిటైరైనవాళ్ళట. "మీరు ఒక్కపూట ఆడి వెళ్ళారు, మాకున్నవే ఆరు రివ్యూలు" అన్నారు.

తీసేయాలా? రేటింగ్ పెంచాలా? అలాగే ఉంచాలా? మీరైతే ఏం చేస్తారు?

గుంటూరు_పుట్టర్
తీసెయ్యొద్దు. ముందు ఇది చెప్పు, ఎక్కడ రాశావ్? డీజీ కోర్స్ రివ్యూ సైట్లోనా, యూడిస్క్ యాప్‌లోనా?

చెర్రీ_షార్లెట్
పాత సైట్లోనే అన్నా. డీజీ కోర్స్ రివ్యూలో.

గుంటూరు_పుట్టర్
అయితే గొడవ అక్కడే ఉంది. ఆ సైట్లో 0 నుంచి 5 దాకా అర అర చొప్పున డిస్కులిస్తాం. 2.5 అంటే మామూలు కోర్సు, దగ్గర్లో ఉంటే సరదాగా ఆడొచ్చు అని. అక్కడి పాత కాపులు 4 ఇచ్చారంటే ఆ కోర్సు కోసం ప్రయాణం కట్టొచ్చని అర్థం. యూడిస్క్ సంగతి వేరు. ఆట అవగానే చేతిలో ఫోన్ నక్షత్రాలు అడుగుతుంది. బాగా ఆడిన ఊపులో జనం 4, 5 నొక్కేసి కారెక్కుతారు. ఆ పెద్దాయన రోజూ చూసేది యాప్ అయ్యుంటుంది. ఆ కళ్ళతో 2.5 చూస్తే చెంపదెబ్బలాగే ఉంటుంది మరి.

డిస్కు_సుబ్బు
ఇంకో లెక్క కూడా చూడండి. మిగతా ఐదుగురూ 4 చొప్పున ఇచ్చారనుకుందాం. ఇతని 2.5 కలిస్తే సగటు 3.75కి దిగుతుంది. పేరున్న కోర్సుకు వందల రివ్యూలుంటాయి, ఒకటి పడితే చుక్కయినా కదలదు. ఆరే ఉన్నచోట ఒక్కరి మాట చాలా బరువు.

వాణి_నోవై
మా క్లబ్‌లో నేనూ పని చేస్తా కాబట్టి ఆయన బాధ నాకు తెలుసు. ఒక్క కాంక్రీట్ టీ వేయడమంటే ఎంత పనో చెప్తా. 5 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 4 అంగుళాల మందం అంటే 20 ఘనపుటడుగులు. 80 పౌండ్ల బస్తా కలిపితే వచ్చేది 0.6 ఘనపుటడుగు. అంటే ఒక్క టీకి 34 బస్తాలు, ఒక్కోటి 36 కిలోలు. అడవిలోకి లారీ రాదు, తోపుడు బండి మీదే మొయ్యాలి. 18 టీలకు ఆరొందల బస్తాలు దాటుతాయి. అదంతా శనాదివారాల్లో, జీతం భత్యం లేకుండా. మన ఊళ్ళో స్లాబు వేసే రోజు ఇల్లంతా ఎంత హడావుడో గుర్తు తెచ్చుకోండి.

అయినా చెర్రీ రాసినదాంట్లో తప్పు లేదు, ఒక్క మాట తప్ప. 'నిర్వహణ సరిగా లేదు' అన్నావు చూడు, అది. ఆరో హోల్ తర్వాత మూడు బాటలున్న చోట బాణం లేదని రాస్తే మేం శనివారం వెళ్ళి బాణం కొడతాం. నిర్వహణ సరిగా లేదంటే ఎక్కడని మొదలుపెట్టాలి?

సిద్దిపేట_ఫోర్‌హ్యాండ్
వాణక్కా, నీ లెక్క మంచిగనే ఉన్నది గని నేనొప్పుకోను. వాళ్ళు కష్టపడ్డరు, నిజమే. కానీ రివ్యూ రాసేది కట్టినోళ్ళ కోసం గాదు, రేపు పొయ్యేటోళ్ళ కోసం. గంటన్నర కారు నడుపుకుంట పోయి, పెద్దమనిషి దుంగ మీద కూసుండే పరిస్థితి వచ్చిందంటే గది రాయాలె. ఆ 34 బస్తాలు నాకు తొవ్వ జూపియ్యవు గద. 2.5 అంటే 2.5ఏ.

వాణి_నోవై
తగ్గించమని నేనన్లేదు తమ్ముడూ. మాట మార్చమన్నా.

సిద్దిపేట_ఫోర్‌హ్యాండ్
మాట మారిస్తే నాకేం అభ్యంతరం లేదు. నంబర్ మారిస్తేనే కొట్లాట.

పిచ్చుక92
ఫోటోలు పెట్టావా? నేనైతే రివ్యూ చదవను, ఫోటోలే చూస్తా.

చెర్రీ_షార్లెట్
లేదు. నాన్నగారివి తీశా, టీలవి తియ్యలేదు.

రాయలసీమ_రోలర్
బోర్డులు లేకపోతే ఏమబ్బీ, యూడిస్క్‌లో మ్యాప్ ఉంటాది కదా? యాడ నిలబడినావో చుక్క చూపిస్తాది, ఏడో టీ యాడుందో చూపిస్తాది. ఈ కాలంలో బోర్డు లేదని మార్కులు కోసేది నాకు న్యాయమనిపించదు.

చెర్రీ_షార్లెట్
మ్యాప్ తెరిచా. లోపల సిగ్నల్ లేదు. ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలని తట్టలేదు. పైగా మ్యాప్‌లో ఏడో టీ పాత చోటే ఉంది, నిజంగా ఉన్నది ఇంకో 200 అడుగులు అవతల.

గుంటూరు_పుట్టర్
అదైతే వెంటనే సరిచేయించొచ్చు. యూడిస్క్‌కి ఊరూరా అంబాసిడర్లు ఉంటారు, వాళ్ళూ ఆటగాళ్ళే, మ్యాపులూ లేఅవుట్లూ సరిచూస్తుంటారు. మీ దగ్గరున్నవాళ్ళకి చెప్తే మారుస్తారు. రివ్యూలో రాసి ఊరుకుంటే మ్యాప్ అలాగే ఉండిపోతుంది.

రాయలసీమ_రోలర్
సిగ్నల్ లేదంటే నా మాట ఎనక్కి తీసుకుంటా. అయితే 'సిగ్నల్ రాదు, మ్యాప్ ముందే దించుకోండి' అనేది మొట్టమొదటి లైన్లో రాయల్ల. నాకైతే 14వ టీ వేరు కంటే అదే పనికొచ్చే ముక్క.

డిస్కు_సుబ్బు
నా గోడు వేరే. తక్కువ రేటింగులు సరే, ఎక్కువ రేటింగుల మాటేంటి? 'చాలా బాగుంది, 5' అని ఒక్క లైన్. ఏం బాగుంది? అడవా మైదానమా? టీలు కాంక్రీటా, రబ్బరా, వట్టి మట్టా? వాన పడితే బురదవుతుందా? కొత్తవాళ్ళు ఆడగలరా? ఒక్కటీ తెలీదు.

మిషిగన్‌లో హడ్సన్ మిల్స్‌లో రెండు కోర్సులున్నాయి, ఒరిజినల్ ఒకటి, మాన్‌స్టర్ ఒకటి. ఆట మొదలుపెట్టి నెల కాకముందే మాన్‌స్టర్‌కి వెళ్ళి, చెయ్యి లాగేలా విసిరి, 'మరీ పొడవు' అని విసుక్కునేవాళ్ళుంటారు. పేరే మాన్‌స్టర్ కదా! ఆ పక్కనే వాళ్ళకి సరిపోయే కోర్సు ఉంది. అలాగే బాగా ఆడేవాళ్ళు చిన్న కోర్సుకి వెళ్ళి 'అన్నీ పుట్టర్‌తో (దగ్గరికి విసిరే డిస్కుతో) అయిపోయాయి, 2' అని పోతారు. రాసేవాళ్ళు తామెంత దూరం విసరగలరో ఒక్క ముక్క చెప్తే చాలు, చదివేవాళ్ళు తమ సంగతి తాము చూసుకుంటారు. 250 అడుగులు విసిరే మనిషికి బాగున్న కోర్సూ 400 విసిరే మనిషికి బాగున్న కోర్సూ ఒకటి కావు.

లేట్_రిలీజ్
+1. పీడీజీఏ (ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ సంఘం) వాళ్ళు ఆటగాళ్ళ స్థాయిని బట్టి టీలకు రంగుల వరస పెట్టింది ఇందుకే కదా. ఎరుపు, తెలుపు, నీలం, బంగారం, అలా. ఏ రంగు టీ నుంచి ఆడారో రాస్తే సగం గొడవలు పోతాయి.

వాణి_నోవై
మిషిగన్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. కెన్సింగ్టన్ మెట్రోపార్కులో టబోగన్ కోర్సుంది. 2018లో గ్రేట్ లేక్స్ ఓపెన్ పోటీలో ఛాంపియన్ పాల్ మెక్‌బెత్ 18 హోల్స్‌కి 18 అండర్ (లెక్క ప్రకారం పట్టాల్సిన విసుర్ల కంటే 18 తక్కువ) కొట్టింది అక్కడే. ఆ కొండలు చలికాలంలో పిల్లలు మంచు మీద జారేందుకు. కోర్సు ఏడాది పొడుగునా ఉండదు. ఎప్పుడుంటుందో కనుక్కోకుండా వెళ్ళి 'బాస్కెట్లు లేవు' అని గోల పెట్టేవాళ్ళని చూశా. కోర్సు ఆటకి డబ్బులు అక్కర్లేకపోయినా మెట్రోపార్కులోకి కారు వెళ్ళాలంటే ఫీజు కట్టాలి. అదీ చాలామంది రాయరు. గేటు దగ్గర వెనక నాలుగు కార్లు ఆగి ఉండగా తెలుస్తుంది.

టాంపెరె_తెలుగు
ఏ నెలలో ఆడారో రాయని రివ్యూ నేను నమ్మను. నేనుండేది ఫిన్లాండ్‌లో. డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతుంది. మంచులో డిస్క్ పడితే చిల్లు తప్ప ఏమీ కనపడదు. అందుకని డిస్క్‌కి పొడవాటి రిబ్బన్ అంటించి విసురుతాం, చీకట్లో చిన్న లైటు అంటిస్తాం. అదే కోర్సు జూన్‌లో రాత్రి పదింటికి కూడా ఎండలో ఆడొచ్చు. ఒకే కోర్సు, రెండు లోకాలు.

మా పక్క ఊరు నోకియా. ఫోన్ కంపెనీకి పేరిచ్చిన ఊరే. యూరోపియన్ ఓపెన్ జరిగిన 'ద బీస్ట్' కోర్సు అక్కడుంది. మొదటిసారి వానలో ఆడి, తడిసి ముద్దై, చేతిలో డిస్క్ నిలవక, ఇంటికొచ్చి కోపంగా రాసేశా. ఎండ కాసిన రోజు మళ్ళీ వెళ్ళా. ఆ రోజు రాసింది పూర్తిగా మార్చాల్సి వచ్చింది. వాన తప్పు కోర్సు మీద వేశా.

కాకినాడ_ఖాజా
అంటే ఒక్కసారి ఆడితే రాయకూడదంటారా?

టాంపెరె_తెలుగు
రాయొచ్చు. 'ఒక్కసారే ఆడాను, వాన పడుతోంది' అని రాయాలి.

సిద్దిపేట_ఫోర్‌హ్యాండ్
దూరం నుంచి వచ్చినోడు ఒక్కసారే ఆడతడు. చదివేటోడు గూడ దూరం నుంచి వచ్చేటోడే. అందుకే మొదటిసారి చూసినోడి మాటకే ఎక్కువ విలువ. అదే కోర్సు మీద వందసార్లు ఆడినోనికి ఏడో టీ యాడున్నదో కండ్లు మూసుకొని తెలుస్తది, బోర్డు లేదన్న సోయి గూడ ఉండదు.

వాణి_నోవై
ఇది మాత్రం నిజం. మా కోర్సులో నాలుగో హోల్ నుంచి ఐదుకు ఎలా పోవాలో తెలీట్లేదని ఒకావిడ రాసేదాకా మాకెవరికీ తట్టలేదు. మేం రోజూ నడిచే దారి.

అట్లాంటా_అత్తయ్య
ఇంతమంది మాట్లాడారు, ఒక్కరూ బాత్రూం ఊసెత్తలేదు! నేను ఆడను. మా అబ్బాయీ కోడలూ ఆడతారు, మనవళ్ళతో నేనూ వెంట నడుస్తా. ఐదు మైళ్ళు నడిచిన రోజులున్నాయి. నాకు కావాల్సినవి ఎవరూ రాయరు. కూర్చోడానికి బెంచీలున్నాయా? నీడెంత? తాగే నీళ్ళున్నాయా? బాత్రూం మొదట్లో ఉందా, మధ్యలోనా? దారి ఎంత ఏటవాలు? మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు తొమ్మిది హోల్స్ అయ్యాక కారు దగ్గరికి రావచ్చా, లేక పద్దెనిమిదీ అయితే గానీ బయటపడలేమా? ఆ చెర్రీ వాళ్ళ నాన్నగారు దుంగ మీద కూర్చున్నారంటే నాకు కళ్ళకు కట్టినట్టుంది. ఆ తొమ్మిదో హోల్ సంగతి ముందే ఎవరో రాసుంటే ఆ పూట అలా అయ్యేది కాదు.

ఇంకోటి. మా కోడలు పొద్దున్నే ఒక్కతే వెళ్తుంది. పార్కింగ్ రోడ్డు మీదికి కనపడుతుందా, జనం తిరుగుతుంటారా అన్నది తను మొదట చూస్తుంది. ఒంటరిగా వెళ్ళే ఆడపిల్లకి టీ ప్యాడ్ కన్నా అది ముఖ్యం.

వాణి_నోవై
అత్తయ్యగారూ, ఇది చదివి రెండు నిమిషాలు ఊరుకుండిపోయాను. ఇన్నేళ్ళలో నేనొక్కసారీ పార్కింగ్ గురించి రాయలేదు. నేనూ ఒంటరిగా వెళ్తాను.

చెర్రీ_షార్లెట్
అక్కడ బాత్రూం పార్కింగ్ దగ్గర ఒక్కటే. బెంచీలు మూడు చూశా. తొమ్మిదో బాస్కెట్ పార్కింగ్‌కి దగ్గరే, అక్కడ్నించి వెళ్ళిపోవచ్చు. ఇవి నేను రాయనే లేదు. నాన్నగారు పక్కనున్నా తట్టలేదు.

పిచ్చుక92
టిక్కులు (రక్తం తాగే పురుగులు), పాయిజన్ ఐవీ (దురద పుట్టించే తీగ) కూడా రాయండి బాబూ. మా తమ్ముడు ఫెయిర్‌వే పక్క పొదల్లోంచి డిస్క్ తీసుకొచ్చి వారం రోజులు గోక్కున్నాడు. మూడేసి ఆకులుంటే ముట్టుకోకూడదని అప్పటిదాకా వాడికెవరూ చెప్పలేదు.

కాకినాడ_ఖాజా
బాతులు కూడా. మా దగ్గర చెరువు పక్క హోల్‌లో ఒక కెనడా బాతు బాస్కెట్ కింద కాపురం పెట్టింది. పిల్లల్ని లేపేదాకా ఆ హోల్ దానిదే.

డిస్కు_సుబ్బు
దానికెంత రేటింగ్ ఇచ్చారు?

కాకినాడ_ఖాజా
బాతుకి 5. ముచ్చటైన సంసారం.

ఆస్టిన్_అప్పారావు
నవ్వులు అయ్యాక నాదో మాట వినండి. రివ్యూ రాసి చెడగొట్టిన అనుభవం నాది.

మూడేళ్ళ కింద ఇక్కడికి దూరంగా ఒక రైతు తన పొలంలో తొమ్మిది హోల్స్ వేసుకున్నాడు. తెలిసినవాళ్ళు ఫోన్ చేసి వెళ్ళేవాళ్ళం. పశువులుండేవి, గేటు వేసి రావాలనేది ఒక్కటే షరతు. నాకు ఎంత నచ్చిందంటే ఇంటికొచ్చి పెద్ద రివ్యూ రాశా, దారి, మలుపులు, గేటు ఎక్కడో అన్నీ. నా ఉద్దేశం మంచిదే. నెలలోపు తెలీని కార్లు వరస కట్టాయి. ఎవరో గేటు తీసి వదిలేశారు, దూడలు రోడ్డెక్కాయి. ఆయన బాస్కెట్లు పీకేశాడు. నేను ఫోన్ చేసి క్షమాపణ అడిగా. 'నువ్వు చెడ్డగా రాసినా పోయేది, మంచిగా రాసి ముంచావు' అన్నాడు. ఇప్పటికీ ఆ మాట చెవిలో ఉంది. సొంత జమీలో ఉన్న కోర్సయితే రాసేముందు అడగండి. దయచేసి.

గుంటూరు_పుట్టర్
మీ ఆస్టిన్‌లోనే పీస్ పార్కు కథ కూడా ఇలాంటిదేగా అప్పారావు గారూ?

ఆస్టిన్_అప్పారావు
అది ఊరి పార్కు, ఎవరి జమీ కాదు. ఊరి నడిబొడ్డున వాగు వెంట ఉండేది, చాలా పాత కోర్సు. జనం ఎక్కువై, నేల కోసుకుపోయి, చెట్లకి దెబ్బలు తగిలి, చివరికి సిటీ వాళ్ళు కోర్సు తీసేశారు. అక్కడ రివ్యూలది తప్పనను. కానీ నేల ఎంతమందిని మోయగలదన్నది ఒకటుంటుంది. వాన పడ్డ మర్నాడు అక్కడ ఆడొద్దని పెద్దవాళ్ళు మొత్తుకునేవారట.

లేట్_రిలీజ్
కానీ ప్రైవేటు జమీలో ఉండి, రేటింగుల వల్లే బాగుపడినవి కూడా ఉన్నాయి. మసాచుసెట్స్‌లో లెస్టర్ అనే ఊళ్ళో మేపుల్ హిల్. క్రిస్మస్ చెట్లు పెంచే తోట అది. యూడిస్క్ ప్రతి ఏడాదీ ఆటగాళ్ళ రేటింగులతో ప్రపంచంలో టాప్ 100 కోర్సుల జాబితా వేస్తుంది కదా, అందులో ఎన్నోసార్లు మొదటి స్థానం దానిదే. డబ్బు కట్టి ఆడతాం, ఆ డబ్బు కోర్సుకే పెడతారు. నేను వెళ్ళా. మొదటి టీ మీద నిలబడితే ఎదురుగా చెరువు, అవతల చెట్లు, చేతులు వణికాయి. పొగడ్తలు చదివి చదివి వెళ్ళినా నిరాశ కలగని చోటు అదొక్కటే నాకు.

రాయలసీమ_రోలర్
ఊరి కోర్సుకీ మేపుల్ హిల్‌కీ ఒకే కొలబద్ద పెట్టడమే నాకు మింగుడుపడదు. ఊరి కోర్సు ఊరోళ్ళ కోసం. తొమ్మిది హోల్సుండే బడి గ్రౌండు కోర్సుకి, పిల్లోళ్ళు నేర్చుకునేదానికి, నేను 4 ఇచ్చినా. దాని పని అది బాగా చేస్తా ఉండాది.

సిద్దిపేట_ఫోర్‌హ్యాండ్
మరి గట్లయితే నాకెట్ల తెలుస్తది? 4 చూసి నేను రెండు గంటలు నడుపుకుంట పోతే బడి గ్రౌండు ఎదురొస్తది!

రాయలసీమ_రోలర్
రివ్యూ చదువు. నంబర్ చూసి బండి తీస్తే ఎట్లా?

సిద్దిపేట_ఫోర్‌హ్యాండ్
నంబర్ దేనికి పెట్టిండ్రు మరి?

డిస్కు_సుబ్బు
ఈ వాదన ఆ సైట్ పుట్టినప్పట్నించీ నడుస్తోంది, ఇక్కడ తేలదు. పసడీనా దగ్గర ఓక్ గ్రోవ్ సంగతి చూడండి. 1975లో ఎడ్ హెడ్రిక్ వేసిన మొట్టమొదటి శాశ్వత కోర్సు అదే. చెయిన్ల బాస్కెట్ తయారుచేసిందీ ఆయనే, అంతకుముందు వట్టి స్తంభాలకి తగిలేలా విసిరేవారు. ఆయన చనిపోయాక అస్థికలు కలిపి డిస్కులు పోశారు, ఆయన కోరికే అది. ఇప్పుడున్న కోర్సులతో పోలిస్తే ఓక్ గ్రోవ్ పొట్టిదే. హోల్స్ చూసి ఇస్తే ఒక మార్కు, అక్కడ నిలబడ్డప్పుడు కలిగింది చూసి ఇస్తే ఇంకో మార్కు. నేను రెండూ విడివిడిగా రాశా. ఆటకి 3. చెట్ల నీడకీ ఆ నేలకీ మార్కు వెయ్యలేనని రాశా. ఆ రివ్యూకే నాకు ఎక్కువమంది 'పనికొచ్చింది' అని నొక్కారు.

అట్లాంటా_అత్తయ్య
అస్థికలు డిస్కుల్లోనా! మనకి గోదావరి, ఆయనకి డిస్కు. ఎవరి మోక్షం వారిది నాయనా.

గుంటూరు_పుట్టర్
చెర్రీ, ఎక్కడున్నావ్? ఏం తేల్చుకున్నావ్?

చెర్రీ_షార్లెట్
రాత్రి కూర్చుని మళ్ళీ రాశా. ముందు తెలుగులో రాసుకున్నా, తర్వాత ఇంగ్లీషులోకి మారుస్తా. తెలుగులో అయితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. చూసి చెప్పండి:

"జులైలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక్కసారి ఆడాను. నేను దాదాపు 280 అడుగులు విసురుతాను. నాతో 68 ఏళ్ళ మా నాన్నగారు నడిచారు. లోపల ఫోన్ సిగ్నల్ రాదు, మ్యాప్ ముందే దించుకోండి, అందులో 7వ టీ చోటు తప్పుంది. 1 నుంచి 5 దాకా వాగు పక్క హోల్స్ నేను ఆడినవాటిలో చాలా అందమైనవి, నీడ బాగుంది, గడ్డి నీట్‌గా కోసి ఉంది. 6వ బాస్కెట్ తర్వాత మూడు బాటలొస్తాయి, ఎడమవైపుది పట్టుకోండి, 200 అడుగులు నడవాలి. 9 టీల దగ్గర బోర్డుల్లేవు. 11వ బాస్కెట్ ఒరిగి ఉంది. 14వ టీ కుడి అంచున వేరు ఉంది, నిలబడి విసరండి. బాత్రూం పార్కింగ్ దగ్గరే, లోపల లేదు. బెంచీలు మూడు. నీళ్ళు లేవు, మనిషికి రెండు సీసాలు తెచ్చుకోండి. 9వ హోల్ తర్వాత కారు దగ్గరికి వెళ్ళిపోవచ్చు. దీన్ని ముగ్గురు వాలంటీర్లు చూసుకుంటున్నారు."

వాణి_నోవై
చెర్రీ, ఇది నా కోర్సు గురించి రాసి ఉంటే ప్రింటు తీసి షెడ్డులో అంటించేదాన్ని. ఒక్కో వాక్యం ఒక్కో పని.

అట్లాంటా_అత్తయ్య
రెండు సీసాలు అన్నావు చూడు, అది నాకు నచ్చింది. పార్కింగ్ రోడ్డుకి కనపడుతుందా లేదా కలుపు.

చెర్రీ_షార్లెట్
కనపడుతుంది అత్తయ్యగారూ, చర్చి ఎదురుగానే. కలుపుతా.

సిద్దిపేట_ఫోర్‌హ్యాండ్
బాగ రాసినవ్. నంబర్ ఎంత?

చెర్రీ_షార్లెట్
2.5 ఉంచుదామనుకున్నా. కానీ ఆ మొదటి ఐదు హోల్స్‌కి నేను ముందు సరైన విలువ ఇవ్వలేదనిపించింది. దారి తప్పిన చిరాకులో వాటిని మర్చిపోయా. టాంపెరె గారు వాన గురించి చెప్పినట్టే. 3 చేశా.

సిద్దిపేట_ఫోర్‌హ్యాండ్
నేనైతే 2.5ఏ ఇస్తుంటి. నీ కోర్సు, నీ ఇష్టం.

రాయలసీమ_రోలర్
నేనైతే 3.5.

గుంటూరు_పుట్టర్
పెద్దాయనకి చెప్పావా?

చెర్రీ_షార్లెట్
రాత్రే పంపా, రేటింగ్ కంటే ముందు లిస్టు. 'బోర్డులు పోయినేడు ఎవరో పీక్కుపోయారు, ఊరివాళ్ళు డబ్బిస్తారని చూస్తున్నాం' అన్నారు. 3 గురించి ఏమీ అన్లేదు. నాన్నగారెలా ఉన్నారని అడిగారు. ఏ తొమ్మిది టీలో నంబర్లు కావాలన్నారు, పంపా: 3, 7, 8, 10, 12, 13, 15, 16, 17. బోర్డులొచ్చేదాకా చెక్క ముక్కల మీద నంబర్లు పెయింట్ చేసి కొడదామని నేనే అడిగా, సరేనన్నారు. వచ్చే శనివారం పొద్దున ఎనిమిదింటికి వెళ్తున్నా. నాన్నగారూ వస్తానంటున్నారు, ఏడో టీ ఎటో తనకి తెలుసట.

లేట్_రిలీజ్
నేను రాలీ నుంచి వస్తా, మూడు గంటలే. డ్రిల్లు తెస్తా.

పిచ్చుక92
ఈసారి టీల ఫోటోలు!

వాణి_నోవై
చెక్కకి బయట వాడే స్క్రూలు తీసుకెళ్ళండి, మామూలువి ఒక్క వానాకాలంలో తుప్పు పడతాయి. చెట్టుకి మాత్రం కొట్టొద్దు, వేరే గుంజ పాతండి. 11వ బాస్కెట్ సంగతేంటి?

చెర్రీ_షార్లెట్
దానికి కాంక్రీట్ కావాలంట. బస్తాలు ఎన్ని పడతాయి అక్కా?

వాణి_నోవై
ఒక్క బాస్కెట్‌కేనా, ఎంత. రెండు తీసుకెళ్ళు. నిటారుగా ఉందో లేదో చూడ్డానికి రసమట్టం మర్చిపోకు.